చందా పుస్తకం తెర మీదికి వస్తే

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో 2022 డిసెంబరులో నాగోబా కొత్త ఆలయం ప్రారంభమైంది. ఆ రాతి గుడి కోసం గోండుల్లోని మెస్రం వంశీయులు తమలో తాము చందాలు వేసుకున్నారు. వాళ్లంతా ఒకే ఊరివాళ్లు కారు, ఎన్నో గూడేలలో చెదిరి ఉన్న కుటుంబాలు. అయినా డబ్బు పోగయింది, గుడి లేచింది. చందా ఎవరి చేతికి ఇవ్వాలో, లెక్క ఎవరిని అడగాలో అక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. అందరికీ అది తెలిసి ఉండడమే అసలు బలం.

ఇప్పుడొక సర్కారు బడి సంగతి చూద్దాం. అక్కడ చదివి వెళ్లినవాళ్లలో ఒకరు జగిత్యాలలో బట్టల దుకాణం నడుపుతుంటారు, ఒకరు గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగి, ఒకరు కువైట్‌లో డ్రైవరు, ఇంకొకరు అమెరికాలో ఇంజినీరు. ఏ రెండు బ్యాచ్‌లకూ పరిచయం లేదు. ఇప్పటి పెద్దసారు ఎవరో వాళ్లలో చాలామందికి తెలియదు. బడి తరఫున ఒక మంచి పనికి వీళ్లందరినీ చందా అడగాలంటే అందరికీ ఒకేసారి కనిపించే చోటు ఒకటి కావాలి. ఈ రోజుల్లో ఆ చోటు వెబ్‌సైటే.

కువైట్ నుంచి వెయ్యి రూపాయలు పంపిన మనిషి అడిగేవి రెండే ప్రశ్నలు: “పైసలు ముట్టినయా సారూ? దేనికి ఖర్చు పెట్టిన్రు?” వెబ్‌సైటులోని ప్రతి పేజీ, ప్రతి పట్టిక, ప్రతి నంబరు ఈ రెండింటికి జవాబు చెప్పడానికే ఉండాలి. రంగులు, కదిలే బొమ్మలు ఆ తర్వాతి సంగతి. విరాళాల వెబ్‌సైటు అంటే అందరి ముందూ తెరిచి ఉంచిన చందా పుస్తకం. ఆ పుస్తకాన్ని తెర మీద నమ్మకంగా నడపడానికి ఎంత గణితం, ఎంత సమాచార శాస్త్రం తోడు వస్తాయో ఈ అధ్యాయంలో చూద్దాం.

తెలియని మనుషుల దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగు చేయడం వెబ్ పుట్టకముందే ఉంది. 1885లో న్యూయార్క్‌లో స్వాతంత్ర్య దేవత విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలలేదు. ‘వరల్డ్’ పత్రిక అధిపతి జోసెఫ్ పులిట్జర్, ఎంత తక్కువ ఇచ్చినా సరే ఇచ్చినవాళ్ల పేరు పత్రికలో అచ్చు వేస్తానని ప్రకటించాడు. సుమారు 1,20,000 మంది కలిసి లక్ష డాలర్లకు పైగా ఇచ్చారు. అందులో ఎక్కువ భాగం డాలరు లోపు చందాలే. అచ్చులో కనబడ్డ పేరే వాళ్లకు రసీదు. 2000లో అదే న్యూయార్క్‌లో చార్లెస్ బెస్ట్ అనే బడిపంతులు ‘డోనర్స్‌చూజ్’ అనే వెబ్‌సైటు మొదలుపెట్టాడు. టీచర్లు తమ తరగతికి ఏమేం కావాలో వస్తువుల వారీగా రాస్తారు, దాత తనకు నచ్చిన దాన్ని ఎంచుకుంటాడు. మన దేశంలో కేంద్ర విద్యాశాఖ 2021 సెప్టెంబరులో కొత్త రూపంలో తెచ్చిన ‘విద్యాంజలి’ పోర్టల్‌లోనూ బడి తన అవసరాలు నమోదు చేస్తుంది. తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు మన బడి’ కూడా దాతలకు తలుపు తెరిచింది. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్లు సూచించిన పేరును గదికో బడికో పెట్టే వీలు కల్పించింది. ఈ ప్రయత్నాలన్నిటిలోనూ ఇచ్చే మనిషికి ఏదో ఒక రూపంలో ఆనవాలు దక్కుతుంది.

చివరి పేజీ నుంచి మొదలుపెట్టాలి

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. కరీంనగర్ పట్టణంలోని ఒక ఉన్నత పాఠశాల, ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని ఒక ఆశ్రమ పాఠశాలకు గ్రంథాలయం ఏర్పాటు చేసి ఇవ్వాలనుకుంది. అందుకోసం ఒక ఆదివారం బడి ఆవరణలో మేళా. నిర్మల్ కొయ్యబొమ్మలు, ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మలు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, సిరిసిల్ల చేనేత స్టాళ్లు ఉంటాయి. పిల్లల తల్లులు చేసిన సకినాలు, సర్వపిండి అమ్ముతారు. ప్రవేశానికి కూపన్లు ఉంటాయి. రాలేనివాళ్లు ఫోన్ నుంచే చందా పంపవచ్చు.

వెబ్‌సైటు అనగానే చాలామంది మొదటి పేజీ ఎలా ఉండాలా అని ఆలోచిస్తారు. ఆలోచన చివరి పేజీ నుంచి మొదలవ్వాలి. మేళా అయిపోయి, పుస్తకాలు ఉట్నూరు చేరాక పెట్టే లెక్కల పేజీని ముందే కాగితం మీద గీసి చూడాలి. కూపన్ల మీద వచ్చింది ఇంత, ఫోన్‌లో వచ్చింది ఇంత, నగదు ఇంత. షామియానాకు ఇంత, మైకుకు ఇంత, పుస్తకాలకు ఇంత, బీరువాలకు ఇంత. మిగిలింది ఇంత, అది ఉన్నది ఫలానా ఖాతాలో. ప్రతి ఖర్చు పక్కన బిల్లు ఫోటో. ఈ ఖాళీ గళ్లు గీసుకున్నాక ఒక్కో గడి దగ్గర ఆగి, ఇందులో నింపాల్సిన అంకె ఎప్పుడు పుడుతుంది, ఎవరు రాస్తారు, దేంట్లో రాస్తారు అని అడగాలి. ఆ జవాబులే వెబ్‌సైటు ప్రణాళిక. అలా చేయకపోతే మేళా నాడు సాయంత్రం కూపన్ల డబ్బూ సకినాల డబ్బూ ఒకే డబ్బాలో కలిసిపోతాయి. ఆ తర్వాత వాటిని విడదీయడం ఏ కంప్యూటర్ వల్లా కాదు.

చూసేవాళ్లు ఎవరన్నది ఆ తర్వాతి ప్రశ్న. దాతకు లెక్క కావాలి. మేళాకు వచ్చేవాళ్లకు తేదీ, దారి, కూపన్ ధర కావాలి. స్టాల్ పెట్టేవాళ్లకు చోటు ఖాళీ ఉందో లేదో తెలియాలి. బడిలోని వాలంటీర్లకు ఎవరి డ్యూటీ ఎక్కడో తెలియాలి. మొదటి ముగ్గురికీ కావలసింది అందరికీ కనిపించవచ్చు. నాలుగోది లోపలి పని, దానికి తాళం ఉండాలి. ఈ గీత మొదట్లోనే గీసుకుంటే వాలంటీర్ల ఫోన్ నంబర్లు పొరపాటున ఊరంతటికీ కనబడే ప్రమాదం ఉండదు.

పట్టికల లోపలి క్రమశిక్షణ

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా విడదీసి, ఒక పట్టికకు మరొక పట్టికతో సంబంధం కలిపే పద్ధతిని ప్రతిపాదించాడు. నేటి డేటాబేస్‌లలో ఎక్కువ భాగం ఆ పునాది మీదే నడుస్తున్నాయి. అందులోని ముఖ్య సూత్రం, ఒక సంగతిని ఒక్క చోటే రాయడం. దాత పేరు ఒక పట్టికలో ఉంటుంది, ఆయన ఇచ్చిన చందాలు మరో పట్టికలో ఉంటాయి. రెండింటినీ కలిపేది దాత సంఖ్య. ఒకే మనిషి మూడుసార్లు చందా ఇస్తే పేరు మూడుసార్లు రాయక్కర్లేదు. పేరులో అక్షరం తప్పు పడితే ఒక్క చోట దిద్దితే చాలు.

డబ్బు పట్టికకు మాత్రం ఇంకొక నియమం కావాలి. అందులో ఏ వరుసనూ చెరపకూడదు, దిద్దకూడదు. 500 బదులు 5000 అని పడితే ఆ వరుసను అలాగే ఉంచి, కింద 4500 తగ్గిస్తూ కొత్త వరుస రాయాలి, కారణం కూడా రాయాలి. ఇటలీలో లూకా పచియోలీ 1494లో అచ్చు వేసిన గణిత గ్రంథంలో వర్తకుల జంట పద్దు విధానాన్ని వివరించాడు. నిజాయితీగల పద్దు పుస్తకాలు ఇలా చెరపకుండా దిద్దే పద్ధతినే పాటిస్తూ వచ్చాయి. తప్పు జరగడం సహజం. తప్పు, దాని దిద్దుబాటు రెండూ కనబడుతుంటే నమ్మకం చెడదు.

మేళాలో ఇరవై స్టాళ్లకే చోటుందనుకోండి. పందొమ్మిది నిండాయి. మిగిలిన ఒక్కదాని కోసం పెద్దపల్లి నుంచి ఒకరు, మంచిర్యాల నుంచి ఒకరు అదే క్షణంలో నొక్కారు. కంప్యూటర్ ఇద్దరికీ “ఖాళీ ఉందా?” అని చూసి, ఇద్దరికీ ఉందని చెప్పి, ఇద్దరికీ ఇచ్చేస్తే? చూడడం, రాయడం అనే రెండు పనుల మధ్య ఉన్న సందులో జరిగే తప్పు ఇది. అందుకే డేటాబేస్ ఈ రెండింటినీ కలిపి విడదీయరాని ఒకే పనిగా చేస్తుంది. ఒకరి పని పూర్తయ్యేదాకా రెండోవారిని ఆపి, తర్వాత “స్టాళ్లు నిండాయి” అని చెబుతుంది. రైలు టికెట్లు, బ్యాంకు ఖాతాలు ఈ కట్టుబాటు మీదే నడుస్తాయి. బడి మేళాకు ఉచితంగా దొరికే ఫారాలు వాడుతుంటే ఈ కాపలా ఉందో లేదో ముందే ఇద్దరు కూర్చుని ఒకేసారి నొక్కి పరీక్షించాలి.

నలుపు తెలుపు గళ్లలో గణితం

చందా దారి ఇప్పుడు ఎక్కువగా యూపీఐ. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దీన్ని 2016 ఏప్రిల్‌లో ప్రారంభించింది. వెబ్‌సైటులోనూ మేళా గేటు దగ్గరా పెట్టే క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా బృందం తయారుచేసింది. వాళ్లు దాన్ని చేసింది కార్ల విడిభాగాల జాడ పట్టుకోవడానికి. మూడు మూలల్లో ఉండే పెద్ద చదరాలు కోడ్ ఎటు తిరిగి ఉందో కెమెరాకు చెబుతాయి. అతి చిన్న కోడ్‌లో అడ్డం 21, నిలువు 21 గళ్లుంటాయి, అతి పెద్దదానిలో 177. లోపల రాసేది పెరిగిన కొద్దీ గళ్లు పెరిగి చిన్నవవుతాయి. అందువల్ల గేటు దగ్గరి కోడ్‌లో ఖాతా చిరునామా, పేరు, ‘గ్రంథాలయం’ వంటి చిన్న గుర్తు తప్ప ఎక్కువ నింపకూడదు.

ఆ కాగితం మీద చాయ్ చుక్క పడినా, ఒక అంచు చిరిగినా కోడ్ పనిచేస్తుంది. అదెలాగో చూద్దాం. మనం 3, 5 అనే రెండు అంకెలు పంపాలి. గ్రాఫ్ కాగితం మీద ఒకటో చోట 3 ఎత్తులో, రెండో చోట 5 ఎత్తులో చుక్కలు పెట్టి, వాటి మీదుగా గీత గీస్తే అది మూడో చోట 7, నాలుగో చోట 9 ఎత్తు మీదుగా పోతుంది. రెండింటికి బదులు 3, 5, 7, 9 అని నాలుగూ పంపుదాం. దారిలో రెండోది చెడి 8 అయింది. అవతలివాళ్లు చుక్కలు పెట్టి చూస్తే 3, 7, 9 ఒకే గీత మీద ఉన్నాయి, 8 మాత్రం పక్కకు పోయింది. గీతను బట్టి అక్కడ ఉండాల్సింది 5 అని పట్టేస్తారు. అదనంగా పంపిన రెండు అంకెలు తప్పు ఎక్కడుందో చెప్పాయి, దాన్ని సరిదిద్దాయి కూడా. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ ఈ ఆలోచనను పెద్ద బహుపదులకు విస్తరించారు. క్యూఆర్ కోడ్‌లో వాడేది అదే. నాలుగు రక్షణ స్థాయులుంటాయి. వాటిలో గట్టిదైతే సుమారు 30 శాతం చెడినా చదవవచ్చు. ఆరుబయట అతికించే కోడ్‌కు ఆ స్థాయిని ఎంచుకోవడం మంచిది.

అయితే ఈ గణితం చిరుగును సరిదిద్దగలదు, మోసాన్ని పట్టుకోలేదు. మన కోడ్ మీద ఎవరైనా తమ కోడ్ అతికిస్తే అది కూడా చక్కగానే పనిచేస్తుంది. అందుకే స్కాన్ చేశాక ఫోన్‌లో ఏ పేరు కనబడాలో వెబ్‌సైటులోనూ బ్యానర్ మీదా పెద్ద అక్షరాలతో రాయాలి. ఆ పేరు బడి కమిటీ బ్యాంకు ఖాతాదే కావాలి, ఒక సారు సొంత ఫోన్ నంబరు కాకూడదు. ఆ సారు ఎంత మంచివారైనా, రేపు బదిలీ అయితే ఆ లెక్క ఆయన వెంట పోతుంది. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే తప్ప తీసుకోవడానికి ఎన్నడూ అక్కర్లేదన్న మాట కూడా అదే పేజీలో ఉండాలి. “మీకు వాపసు వస్తుంది, పిన్ కొట్టండి” అని దాతలకు ఫోన్లు చేసే మోసగాళ్ల నుంచి అది కాపాడుతుంది.

యూపీఐలో ప్రతి చెల్లింపుకూ 12 అంకెల రిఫరెన్స్ నంబరు పుడుతుంది. “పైసలు ముట్టినయా?” అనే ప్రశ్నకు జవాబు దానిలో ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటులోని నంబర్లతో మన పట్టికలోని నంబర్లను రోజూ సాయంత్రం సరిచూసి, దాతల జాబితాలో ఆ నంబరు చివరి నాలుగు అంకెలు, మొత్తం పెడితే చాలు. పేరు బయటపెట్టడం ఇష్టం లేని దాత కూడా తన చందా చేరిందని పోల్చుకోగలడు.

గల్ఫ్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఎన్ఆర్‌ఈ, ఎన్ఆర్‌ఓ అనే ప్రవాసుల బ్యాంకు ఖాతాలున్నవాళ్లు విదేశీ ఫోన్ నంబరుతోనే యూపీఐ వాడే వీలు 2023 నుంచి కొన్ని దేశాలకు వచ్చింది. మొదటి పది దేశాల జాబితాలో సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్ ఉన్నాయి. భారత పౌరుడు తన కష్టార్జితం నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మన బంధువు పంపేది మాత్రం వస్తుంది. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోరాదు. కాబట్టి చందా ఫారంలో “మీరు భారత పౌరులేనా?” అన్న ప్రశ్న తప్పనిసరి. పన్ను మినహాయింపు విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి అందుకు గుర్తింపు లేని కమిటీ తన పేజీలో ఆ మాట రాయకూడదు. గుర్తింపు ఉన్నా 2000 రూపాయలు దాటిన నగదు చందాకు మినహాయింపు వర్తించదు. ఆకర్షణ కోసం లక్కీ డ్రా పెడదామన్న సలహా ఎవరో ఒకరు ఇస్తారు. 1998 నాటి లాటరీల చట్టం ప్రకారం లాటరీ నడిపే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది, తెలంగాణలో లాటరీలు లేవు. బడి ఆ జోలికి పోకపోవడమే క్షేమం.

కూపన్ నంబరుకు కాపలా అంకె

గేటు దగ్గర వాలంటీరు పిల్లవాడు కూపన్ నంబరు ఫోన్‌లో కొడుతున్నాడు. 2741 బదులు 2714 కొడితే వేరొకరి కూపన్ వాడినట్టు నమోదవుతుంది. దీన్ని ఆపడానికి 1950లలో ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లున్ చూపిన ఉపాయం ఈనాటికీ బ్యాంకు కార్డుల మీద ఉంది. మనమూ చేసి చూద్దాం.

2741 తీసుకోండి. కుడి చివర నుంచి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి: 1 రెట్టింపు 2, 4 అలాగే 4, 7 రెట్టింపు 14, 2 అలాగే 2. రెట్టింపు రెండంకెలైతే వాటిని కలపాలి, 14 అంటే 5. మొత్తం 2, 4, 5, 2 కలిపితే 13. దాన్ని పదుల్లోకి తేవడానికి 7 కావాలి. ఆ 7ను చివర అతికిస్తే కూపన్ నంబరు 27417. ఇప్పుడు పిల్లవాడు 4, 1 తారుమారు చేసి 27147 కొడితే లెక్క 23కు వస్తుంది, పదుల్లో లేదు. ఫోన్ వెంటనే “నంబరు మళ్లీ చూడు” అంటుంది. ఏ ఒక్క అంకె తప్పు పడినా ఈ పద్ధతి పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే 09, 90 జంటను తప్ప మిగతా అన్నిటినీ పడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు దీన్ని కాగితం మీద చేయగలరు. కూపన్లకు ఈ కాపలా అంకెలు వేసే పనిని వాళ్లకే అప్పగిస్తే మేళాకు ముందే ఒక గణిత పాఠం పూర్తవుతుంది.

తెలుగు రాయడం, గోండిని మరవకపోవడం

మేళా కరపత్రం డీటీపీ సెంటరులో తయారవుతుంది. అక్కడ ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు. ఆ ఫైలులోని వాక్యాన్ని తెచ్చి వెబ్‌సైటులో అతికిస్తే తెలుగు మాయమై అర్థం లేని గుర్తులు వస్తాయి. కారణం, ఆ పాత ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు బొమ్మలు కూర్చున్నాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది ఆ సంకేతమే. యూనికోడ్ ఈ చిక్కు విప్పింది. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉంటుంది. కాబట్టి డీటీపీ సెంటరులో మొదటి రోజే “యూనికోడ్‌లో కూడా ఒక ప్రతి ఇవ్వండి” అని అడగాలి.

యూనికోడ్‌కూ తనదైన బరువుంది. ‘కరీంనగర్’ అనే మాటలో క, ర, దీర్ఘం, సున్న, న, గ, ర, పొల్లు కలిపి ఎనిమిది సంకేతాలు. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 24. వెబ్ పేజీకి ఇది లెక్కలోకి రాదు, ఎస్ఎంఎస్‌కు వస్తుంది. ఒక ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిషు అక్షరాలు 160 పడితే తెలుగు సంకేతాలు 70 మాత్రమే పడతాయి. దాతకు పంపే రసీదు సందేశం “మీ 500 చందా చేరింది. ధన్యవాదాలు” అన్నంత క్లుప్తంగా ఉంటే ఒక్క సందేశంలో సరిపోతుంది.

ఉట్నూరు వైపు ఇంట్లో గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ మాట్లాడే కుటుంబాలు ఎన్నో. కుమ్రం భీం నడిపిన జోడేఘాట్ పోరాటం తర్వాత మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టాడు. పిల్లల చదువు వాళ్ల సొంత భాష నుంచి మొదలవ్వాలన్నది ఆ ప్రయత్నపు సారం. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అక్షరాలకు ఫోన్‌లో చోటు దొరికింది. ఏ పిల్లల కోసం చందా అడుగుతున్నామో వాళ్లకు ఆ వెబ్‌సైటులో తమ భాష కనబడాలి. ఒక పేజీ గోండిలో, తెలుగు లిపిలోనైనా సరే, ఆశ్రమ పాఠశాల పిల్లలతో రాయించి పెట్టాలి. చదవలేని తల్లిదండ్రుల కోసం ఆ పిల్లల గొంతుతోనే రికార్డు చేసిన అర నిమిషం ఆడియో పెట్టాలి. ఏయే పుస్తకాలు కావాలో జాబితా కూడా వాళ్లనే అడిగి రాయాలి.

బరువు తగ్గితే వేగం పెరుగుతుంది

ఫోన్‌లో తీసిన ఫోటో 4 మెగాబైట్లుంటుందనుకుందాం. బైటుకు ఎనిమిది బిట్లు, అంటే 32 మెగాబిట్లు. కరీంనగర్‌లో సెకనుకు 20 మెగాబిట్ల వేగం దొరికితే అది రెండు సెకన్లలోపే వస్తుంది. అడవి అంచున సిగ్నల్ పడిపోయి సెకనుకు 200 కిలోబిట్లే దొరికిన చోట అదే ఫోటోకు 160 సెకన్లు పడుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు. ఫోటో కొలత తగ్గించి 150 కిలోబైట్లకు తెస్తే అదే చోట ఆరు సెకన్లు.

ఇంత కుదించినా బొమ్మ చెడకుండా ఉండడం వెనక మన దేశపు మేధ ఉంది. 1974 జనవరిలో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు కలిసి ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్’ అనే గణిత పద్ధతిని ప్రచురించారు. ఆ రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహన రావు. జేపెగ్ ఫోటో ప్రమాణం దీని మీదే నిలిచింది. బొమ్మను అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గళ్ల చదరాలుగా విడదీసి, ఒక్కో చదరంలో నెమ్మదిగా మారే వెలుగునీడలను, వేగంగా మారే సన్నని గీతలను వేరు చేస్తారు. మన కన్ను మొదటివాటిని బాగా గమనిస్తుంది, రెండోవాటిలో కొన్ని పోయినా పట్టించుకోదు. ఆ కొన్నింటిని వదిలేస్తే బరువు ఎన్నో రెట్లు తగ్గుతుంది.

పేజీ తేలికైతే సర్వరుకూ ఊపిరాడుతుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది. ఒక చోట సగటున ఎంతమంది ఉంటారో తెలియాలంటే, సెకనుకు ఎంతమంది వస్తున్నారో దాన్ని ఒక్కొక్కరు ఎన్ని సెకన్లు ఉంటారో దానితో హెచ్చవేస్తే సరి. బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో లింకు పడగానే పది నిమిషాల్లో 600 మంది తెరిచారనుకోండి, సెకనుకు ఒకరు. పేజీ రెండు సెకన్లలో దిగిపోతే ఏ క్షణానైనా సర్వరు మీద సగటున ఇద్దరే ఉంటారు. బరువైన ఫోటోల వల్ల నలభై సెకన్లు పడితే నలభై మంది. చవక సర్వరు కూలేది అప్పుడే. సర్వరు పెంచడానికి డబ్బు పెట్టకముందు ఫోటోలు తగ్గించాలి. చందా డబ్బులో ఒక్క రూపాయి కూడా అక్కర్లేని చోట పోకూడదు.

పిల్లల బొమ్మలు, పిల్లల పరువు

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగా చూస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. వాలంటీర్లుగా పేరు ఇచ్చేది తొమ్మిది, పది తరగతుల పిల్లలు కాబట్టి ఆ అనుమతి కాగితం మీద సంతకంతో తీసుకోవాలి. సేకరించేది కూడా అవసరమైనంతే ఉండాలి. డ్యూటీ వేయడానికి పేరు, తరగతి చాలు. ఆధార్, కులం, ఇంటి చిరునామా అడిగే పని లేదు. దగ్గర లేని వివరం ఎన్నటికీ బయటికి పోదు.

చట్టం దాటి చూడాల్సింది ఇంకొకటి ఉంది. జాలి పుడితే చందా పెరుగుతుందని ఆశ్రమ పాఠశాల పిల్లలను చిరిగిన బట్టల్లో, దిగులు ముఖాలతో చూపించడం చాలా చోట్ల జరుగుతోంది. ఆ బొమ్మ వెబ్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది. రేపు ఆ అమ్మాయి ఏ ఐటీఐలోనో నర్సింగ్ కాలేజీలోనో చేరాక తోటివాళ్లు దాన్ని చూస్తారు. మన మంచి పనికి ఆ పిల్ల పరువును ధరగా కట్టే హక్కు మనకు లేదు. ఖాళీగా ఉన్న పుస్తకాల గది ఫోటో చూపినా అవసరం అర్థమవుతుంది. ఏ పుస్తకం ఎందుకు కావాలో పిల్లలు సొంత మాటల్లో రాసిన వాక్యాలు అంతకంటే బలంగా చెబుతాయి.

తేదీ, గడియారం, తాళంచెవి

మార్చిలో పదో తరగతి పరీక్షలు. కాబట్టి మేళాను అంతకు ముందే, జనవరిలోనో ఫిబ్రవరిలోనో పెడదామనుకుందాం. ఆ రోజుల్లోనే సంక్రాంతి సెలవులు, పుష్య అమావాస్యకు మొదలయ్యే నాగోబా జాతర, రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వస్తాయి. ఉట్నూరు నుంచి పిల్లలు, తల్లిదండ్రులు రావాలంటే ఈ మూడింటినీ తప్పించి తేదీ పెట్టాలి. చందా లింకు పంపడానికీ వేళ ఉంది. సౌదీ, కువైట్, ఖతర్ మనకంటే రెండున్నర గంటలు వెనక, యూఏఈ, ఒమన్ గంటన్నర వెనక. మన రాత్రి తొమ్మిదింటికి అక్కడివాళ్లు పని నుంచి గదికి చేరుకుంటూ ఉంటారు. సందేశంలో “ఆదివారం ఉదయం 10” అని ఊరుకోకుండా “భారత సమయం” అని చేర్చాలి.

వెబ్‌సైటు పేరుకు ఏటా అద్దె కట్టాలి. దాన్ని ఒక ఉత్సాహవంతుడు తన సొంత ఈమెయిల్‌తో కొని, రెండేళ్లకు మరచిపోతే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత లింకులు పాత దాతల ఫోన్లలో ఉంటాయి. కొత్త యజమాని అదే పేరు మీద తన క్యూఆర్ కోడ్ పెడితే బడి పేరు మీద మోసం నడుస్తుంది. కాబట్టి పేరు కమిటీ ఈమెయిల్ మీద ఉండాలి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి. సారు బదిలీ అయినప్పుడు బడి తాళంచెవులతో పాటు అది కూడా రాతపూర్వకంగా చేతులు మారాలి. పని ముగిశాక వెబ్‌సైటు మూసేయాలనుకుంటే చందా మీట తీసేసి, లెక్కల పేజీని మాత్రం కొన్నేళ్లు నిలిపి ఉంచాలి.

ఆ లెక్కల పేజీలో కొన్న పుస్తకాల జాబితా మాత్రమే ఉంటే సగం జవాబే. ఆరు నెలల తర్వాత ఆశ్రమ పాఠశాల రిజిస్టరు చూసి, ఏ పుస్తకాన్ని ఎంతమంది పిల్లలు చదవడానికి తీసుకున్నారో ఒక పట్టిక చేర్చాలి. ఎవరూ ముట్టని పుస్తకాలు ఏవో కూడా అందులో ఉండాలి. వచ్చే ఏడు ఏం కొనాలో, ఏం కొనకూడదో కమిటీకి ఆ పట్టికే చెబుతుంది. వెయ్యి రూపాయలు పంపిన డ్రైవరు అన్న దాన్ని చూసి, తన డబ్బు ఏయే చేతుల్లో తెరుచుకుందో తెలుసుకుంటాడు. మరుసటి సంవత్సరం చందా అడగడానికి అంతకు మించిన మాట ఏ బడికీ దొరకదు.